ఆట సీటు, మార్కుల సీటు

మా కాలేజీ పిల్లలతో ఖోఖో ఆడడమంటే అవతలి జట్లకు మహా ఇష్టం. ఎందుకంటే వరసలో కూర్చున్న ఎనిమిది మందిలో కనీసం ఇద్దరు మనసులో రసాయన సమీకరణాలు నెమరు వేసుకుంటూ ఉండేవాళ్లు. వెనక నుంచి వీపు తట్టి "ఖో" అంటే ఉలిక్కిపడి లేచి, ఎటు ఉరకాలో నా వైపు చూసి అడిగేవాళ్లు. నేను జవాబు చెప్పేలోపు ఆట అయిపోయేది.

నేను అక్కడ వ్యాయామ అధ్యాపకురాలిని. ఉద్యోగ పత్రంలో ఫిజికల్ డైరెక్టర్ అని పెద్ద పేరే ఉంది కానీ జహీరాబాద్‌లో నన్ను ఎవరూ అలా పిలిచిన పాపాన పోలేదు. అటెండర్ దగ్గర్నుంచి సంతలో ఉల్లిగడ్డలు అమ్మే ఆమె దాకా అందరికీ నేను డ్రిల్ టీచర్‌నే.

ఇప్పుడు ఈ కొలువులోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు కనిపిస్తే స్పోర్ట్స్ కోటా గురించే ఎక్కువ అడుగుతారు. ఎన్ని సీట్లుంటే న్యాయం, ఎన్ని మార్కుల దాకా సడలించాలి, ఎంపిక ఎవరి చేతిలో ఉండాలి అని. సలహా ఇచ్చేంత తెలివి నాకు లేదు. నా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి ఉంది, అది మాత్రం చెబుతాను.

డెబ్బైల చివరి మాట. మాది ఆడపిల్లల జూనియర్ కాలేజీ, హాస్టల్ ఉండేది. ప్రవేశ పరీక్ష రాసి, మార్కుల వరసలో పైన నిలిచిన వాళ్లకే సీటు. చుట్టుపక్కల ఊళ్లలో మా కాలేజీలో సీటు వచ్చిందంటే ఆ ఇంట్లో వారం రోజులు అదే ముచ్చట. అంత చదువు పిల్లలను పెట్టుకుని నేను ఏటా సంగారెడ్డి పోటీలకు పోయి, మొదటి రౌండ్‌లోనే ఓడి, అదే బస్సులో తిరిగొచ్చేదాన్ని. ఓడినందుకు పిల్లలకు బాధేమీ ఉండేది కాదు. మర్నాటి పరీక్షలో ఏ ప్రశ్నలొస్తాయో మాట్లాడుకుంటూ, దారిలో కొన్న చెరుకు ముక్కలు నమలుతూ వచ్చేవాళ్లు. మొహం మాడ్చుకుని కిటికీ పక్కన కూర్చునేది నేనొక్కదాన్నే.

మా ప్రిన్సిపల్ మేడం కోస్తా నుంచి వచ్చినావిడ. నెమ్మదిగా మాట్లాడేది, మాట మార్చేది కాదు. రెండేళ్లు ఆవిడ ప్రాణం తోడేశాను. ఆటలు వచ్చిన పిల్లలకు కొన్ని సీట్లు ఇవ్వండి, మార్కులు కొంచెం తక్కువైనా చూడండి అని. చివరికి కమిటీతో మాట్లాడి ఏడాదికి రెండు సీట్లు ఇప్పించింది. ఇప్పించిన రోజే నన్ను కూర్చోబెట్టి షరతులు చెప్పింది.

"ఒక్కో ఆట సీటు అంటే గేటు బయట చదువుకునే పిల్ల ఒకతి నిలబడి ఉన్నట్టమ్మా. అది గుర్తుపెట్టుకుని విను."

ఆట పిల్లలు కూడా అదే పరీక్ష రాయాలి. ఒక గీత ఉంటుంది, దాని కింద పడితే ఎంత ఉరికే పిల్లయినా ఇంటికే. నేను ఏ బడికీ పోయి పిల్లలను వెతకకూడదు, ఎవరికీ మాట ఇవ్వకూడదు. ఆట చూసి వరస నిర్ణయించేది బయటి నుంచి పిలిపించిన ఇద్దరు, నేను కాదు. మార్కుల మీద వచ్చిన పిల్లలను ఆడతావా అని ఒక్కసారి అడగవచ్చు, బతిమాలడం, బెదిరించడం కుదరదు. అన్నిటికన్నా నాకు గుచ్చుకున్నది ఆఖరిది. ఆట సీటులో వచ్చిన పిల్ల ఏడాది చివరికి ఖోఖో జట్టు తొమ్మిది మందిలో లేకపోతే సీటు పోతుంది.

"అది పిల్లల కోసం పెట్టలేదు, నీ కోసం పెట్టాను. నీకు నచ్చినవాళ్లనూ నీ చుట్టాలనూ తెచ్చి కూర్చోబెట్టకుండా" అంది.

నా చుట్టాల్లో వంద అడుగులు ఉరికేవాళ్లు కూడా లేరని చెబుదామనుకుని ఊరుకున్నాను.

మా లెక్కల సారు స్థానికుడే. ఆయనకు ఆట సీట్లంటే గిట్టదు, నేనంటే మాత్రం గిట్టేది. స్టాఫ్ రూంలో టీ తాగుతూ, "టీచర్, మీకు సీట్లిచ్చిన్రా, సంకెళ్లిచ్చిన్రా?" అన్నాడు. నాకూ అదే అనుమానం వచ్చింది.

ఆ ఏడాది ఎండల ముందు మా చర్చి జాతరకు పోయాను. ఊళ్లకు ఊళ్లు బండ్లు కట్టుకుని వచ్చి, గుడారాలు వేసుకుని, మూడు నాలుగు రోజులు అక్కడే వండుకుని తింటారు. ఒక ప్రార్థనకూ ఇంకో ప్రార్థనకూ మధ్య పిల్లలు ఆడుకుంటారు. అక్కడ రెండు గుడారాల గుంజల మధ్య ఆడపిల్లలు ఖోఖో ఆడుతుంటే నిలబడ్డాను. ఒక పొడుగు పిల్ల ఉరుకుతోంది. ఉరకడం అందరూ ఉరుకుతారు. ఈ పిల్ల తరుముతున్న వాళ్లను చివరి క్షణం దాకా దగ్గరికి రానిచ్చి, అప్పుడు భుజం ఒక్కటి తిప్పి పక్కకు జారుకునేది. పట్టుకుందామని చాపిన చెయ్యి గాలిలో ఉండిపోయేది. పక్కన పొట్టి పిల్ల ఒకతి ఆమెను చూసి అట్లాగే చేయబోయి కింద పడుతోంది, లేచి మళ్లీ చేస్తోంది. నేను సాయంత్రం ప్రార్థన సంగతే మర్చిపోయాను.

తిరిగి రాగానే ప్రిన్సిపల్ మేడంకి చెప్పేశాను. నా కడుపులో మాట దాగదు.

"చూశావా, మాట్లాడావా?" అంది.

"చూశాను. మాట్లాడలేదు."

"ఏ ఊరో తెలుసా?"

"న్యాల్‌కల్ దగ్గరట. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలట. పదో తరగతట."

"మాట్లాడకుండా ఇవన్నీ ఎలా తెలిశాయి?"

"పక్క గుడారంలో రొట్టెలు కాలుస్తున్న ఆమెను అడిగాను మేడం. ఆమె బడి కాదు కదా."

ఆవిడ నవ్వాపుకుంది. "ఇక అక్కడితో ఆపు" అంది. ఆపాను. ఆట సీట్ల కబురు అన్ని బళ్లకూ పంపారు కాబట్టి ఆ పిల్లల బడికీ పోయి ఉంటుందని రోజూ నాకు నేను చెప్పుకోవడం తప్ప వేరే ఏమీ చేయలేదు.

ఇద్దరూ వచ్చి పరీక్ష రాశారు. వాళ్లిద్దరికీ వయసులో తేడా నెలలే అయినా, ఇంట్లో ఒకరిని పెద్దది అనీ ఇంకొకరిని చిన్నది అనీ పిలిచేవాళ్లు. నేనూ అట్లాగే అంటాను. ఇద్దరూ గీత దాటారు. ఆటలో బయటి నుంచి వచ్చిన ఇద్దరూ పెద్దదాన్ని మొదట పెట్టారు, కోహీర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయిని రెండో స్థానంలో, చిన్నదాన్ని మూడో స్థానంలో పెట్టారు. ఉన్నవి రెండే సీట్లు. అంటే చిన్నది ఇంటికి. వాళ్ల ఊరికి దగ్గరలో కాలేజీ లేదు, ఒక్క ఆడపిల్లను రోజూ బస్సులో పంపే ఇల్లు కాదు. ఇంటికి పోయిందంటే ఇక చదువు అయిపోయినట్టే.

అయితే ఒక చిక్కు వచ్చింది. మార్కుల వరసలో ఆఖరి సీటు దగ్గర కూడా పెద్దదాని పేరే ఉంది. ఆట లేకపోయినా ఆ పిల్లకు సీటు వచ్చేది.

సీట్లు ఇచ్చే రోజు ప్రిన్సిపల్ మేడం గదిలో లెక్కల సారు, నేను కూర్చున్నాం. పెద్దది, వాళ్ల నాయిన నిలబడ్డారు. బయట బెంచీ మీద మార్కుల వరసలో ఆ తర్వాతి అమ్మాయి వాళ్ల నాన్నతో కూర్చుని ఉంది. టౌన్ పిల్ల, ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా.

లెక్కల సారు మొదలుపెట్టాడు. "ఆటల మొదలు వచ్చిన పిల్ల మేడం. ఆట సీటు ఈ పిల్లకు గాక ఎవరికి? గప్పుడు మార్కుల సీటు బయట కూసున్న బిడ్డకు పోతది. ఒక్క మార్కు తేడాతోని ఇంటికి పంపుతమా?"

"ఈ పిల్ల సంపాదించుకున్న మార్కులు ఎక్కడికి పోతాయి సార్?" అన్నాను. నా లెక్క వేరే. ఈమె మార్కుల మీద వస్తే ఆట సీట్లు రెండూ మిగులుతాయి. రెండు సీట్లకు ముగ్గురు ఆటపిల్లలు. ఆ లెక్క ఆయనకు కూడా తెలుసు, ఊరికే లెక్కల సారు కాలేదు.

ప్రిన్సిపల్ మేడం నా వైపు చెయ్యి చూపించింది, నోరు మూసుకోమన్నట్టు. "పిల్లనే అడుగుదాం" అంది.

వాళ్ల నాయిన తువ్వాల చేతిలో నలుపుతూ, "నాకేం ఎరుక మేడం, మీరెట్లంటె గట్లనే" అన్నాడు.

పిల్ల జవాబుకు బదులు తనే అడగడం మొదలుపెట్టింది.

"ఆట సీటుకు వచ్చినోళ్లు ఆట జట్టుల లేకపోతే ఏమైతది మేడం?"

"ఏడాది చివరికి ఆ తొమ్మిది మందిలో లేకపోతే సీటు పోతుంది."

"మార్కుల సీటుకు వచ్చినోళ్లు ఆడకపోతే?"

"ఏమీ కాదు. అది వాళ్ల ఇష్టం."

"నేను మార్కుల సీటు తీసుకుంటే ఆట సీటు ఎవరికి పోతది?"

మేడం కాగితం చూసింది. "ఒకటి కోహీర్ అమ్మాయికి. ఇంకోటి మీ చెల్లెలికి."

 "మార్కుల సీటే ఇయ్యున్రి మేడం" అంది పిల్ల.

లెక్కల సారు నిట్టూర్చి, బయట కూర్చున్న వాళ్లకు చెప్పడానికి లేచాడు. నా లోపల బాజాలు మోగుతున్నాయి. కిటికీలోంచి చూస్తే ఆ టౌన్ పిల్ల టిఫిన్ డబ్బా పట్టుకుని వాళ్ల నాన్న వెనకే గేటు వైపు నడుస్తోంది. నా సంతోషం కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గిందని చెబితే అబద్ధమవుతుంది. ఆ పిల్ల తర్వాత ఎక్కడ చదివిందో, ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది.

కాలేజీ తెరిచారు. మొదటి రోజు పొద్దున గ్రౌండ్‌కు కోహీర్ అమ్మాయి వచ్చింది, చిన్నది వచ్చింది. పెద్దది రాలేదు. మర్నాడూ రాలేదు. హాస్టల్‌కు పోయి, నాకున్న ఆ ఒక్క అడగడం అడిగేశాను.

"సదువుకోవాలె టీచర్. మా నాయిన సదువుకోమన్నడు" అంది, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

నా కోటా అయిపోయింది. మళ్లీ అడిగితే షరతు తప్పినట్టు. నాకు ఒళ్లు మండింది, చెప్పుకోవడానికి మనిషి లేడు. లెక్కల సారుకు చెబితే, "రెండు సీట్లకు ముగ్గురన్నరు, ఇద్దరే అయిన్రు గద టీచర్, లెక్క సరిపోయింది" అని నవ్వాడు.

అడగకూడదని అన్నారు కానీ చూపించకూడదని అనలేదు కదా. ఖోఖో గుంజలు రెండూ పీకించి స్టడీ హాలు కిటికీ ఎదురుగా పాతించాను. పొద్దున చదువుకునే వేళకు సరిగ్గా ఆట కనబడాలి, ఎర్రమన్ను లేచి పుస్తకాల మీద పడాలి. ఎన్నాళ్లు ఆగుతుందో చూద్దామనుకున్నాను. మొదటి రోజు ఆ పిల్ల లేచి కిటికీ దాకా వచ్చింది. ఇంకేముంది అనుకున్నాను. వచ్చి కిటికీ రెక్కలు రెండూ మూసి, గడియ పెట్టి, పోయి కూర్చుంది.

ఆ సాయంత్రం ప్రిన్సిపల్ మేడం, "గుంజలకు కాళ్లొచ్చాయా అమ్మా?" అని అడిగింది. అక్కడ నేల చదునుగా ఉంది మేడం అన్నాను. ఆవిడ నమ్మలేదు, నేనూ నమ్మించాలని గట్టిగా ప్రయత్నించలేదు.

నెలలు గడిచాయి. చిన్నది రోజు రోజుకూ మెరుగవుతోంది. అది నా గొప్పే అనుకుని కొన్నాళ్లు మురిసిపోయాను. కానీ ఒకరోజు ఆ పిల్ల తరిమేవాళ్లను దగ్గరికి రానిచ్చి, భుజం తిప్పి జారుకుంది. అది నేను నేర్పింది కాదు. నాకు రాదు కూడా. ఆ వారమే హాస్టల్ వార్డెన్ ఎదురై, "టీచర్, మీ ఆట పిల్లల లంగాలు ఉతికితే నీళ్లన్నీ ఎర్రగైతున్నయి, జర జూస్కోమనున్రి" అంటూ వరసగా పేర్లు చెప్పింది. అందులో పెద్దదాని పేరు కూడా ఉంది.

"ఆ పిల్ల ఆటకు రాదు కదా" అన్నాను.

"మరి మోకాళ్ల దాంక గా మన్ను ఎక్కడిది?"

 రెండు రోజులు అదే ఆలోచన.

ఆదివారం పెద్దదాని నాయిన వచ్చాడు. జొన్నరొట్టెలు, పల్లికారం మూట కట్టుకుని గేటు దగ్గర నిలబడి, నన్ను చూసి దండం పెట్టాడు.

"మా పెద్దది మంచిగ ఆడుతుందా టీచర్?"

"మీరే కదా ఆడద్దన్నారట."

"నేనెందుకంట? ఇద్దరు మంచిగ సదువున్రి, మంచిగ ఆడున్రి అని చెప్పి తోలిచ్చిన. జాతరల అది ఉరుకుతుంటె నేనే ముందల నిలబడి చూస్త."

ఆయన్ను అక్కడే కూర్చోమని పిల్లల కోసం పోయాను. గదిలో లేరు, స్టడీ హాల్లో లేరు. హాస్టల్ వెనక బట్టలారేసే చోట మాటలు వినబడి అటు పోయాను. తీగ కట్టిన రెండు గుంజల మధ్య బకెట్లు బోర్లించి వరసగా పెట్టారు. కూర్చున్న మనుషులన్నమాట. పెద్దది తరుముతోంది, చిన్నది బకెట్ల మధ్య నుంచి జారుకుంటోంది. "గిప్పుడే కాదు, ఇంకా దగ్గరికి రానియ్యి" అంటోంది పెద్దది. తర్వాత చిన్నదాన్ని తరమమని చెప్పి తానే ఉరికి చూపించింది. తడి చీరల కింద నుంచి ఆ పిల్ల ఉరుకుతుంటే జాతరలో నిలబడ్డట్టే నిలబడిపోయాను.

చిన్నదాన్ని వాళ్ల పెదనాయిన దగ్గరికి పంపి, పెద్దదాన్ని ఆపాను. షరతు సంగతి ఆ క్షణాన నాకు గుర్తులేదు.

"నాయిన వద్దన్నడని నాతో ఎందుకు చెప్పినవు?"

లంగాకు అంటిన మన్ను దులుపుకుంది. "నేను వస్తే తొమ్మిది మందిల ఒకరు బయట కూసోవాలె గద టీచర్. అందరిల మా చిన్నదే కచ్చగ ఉండె, ఆట ఇంకా సరిగ రాకపోతుండె. మీరు దాన్నే కూసోపెడుదురు. అది జట్టుల లేకపోతే సీటు పోతది. ప్రిన్సిపల్ మేడమే చెప్పిన్రు."

ఆ రోజు గదిలో అడిగిన మూడు ప్రశ్నలు ఒక్కొక్కటిగా నాకు గుర్తొచ్చాయి. నేను రెండు సీట్లకు ముగ్గురని సంబరపడుతున్నప్పుడే ఈ పిల్ల తన ఆటను లెక్కలోంచి తీసేసుకుంది. 

"మరి కిటికీ ఎందుకు మూసినవు?"

"చూసుకుంట కూసుంటె కాళ్లు ఆగయి టీచర్."

చెయ్యి పట్టుకుని నేరుగా ప్రిన్సిపల్ మేడం ఇంటికి తీసుకుపోయాను. ఆవరణలోనే ఉండేది. తలంటుకుని వరండాలో జుట్టు ఆరబెట్టుకుంటోంది. జరిగినదంతా చెప్పాను. ఆవిడ అంతా విన్నాక నాతో అంది.

"ఆ షరతు నిన్ను కట్టెయ్యడానికి పెట్టానమ్మా. ఎవరి కాళ్లకు పడిందో చూడు."

 

ఆవిడ పిల్ల వైపు తిరిగింది. "రేపటి నుంచి ఆ షరతు లేదు. మీ చెల్లెలు ఆడినా, బయట కూర్చున్నా ఇచ్చిన సీటు ఇచ్చినట్టే. అర్థమైందా?"

"లెక్కల సారు ఒప్పుకుంటరా మేడం?"

"ఆయనకు, కమిటీకి నేను చెప్పుకుంటాను. ఇక పో, మీ నాన్న ఎదురుచూస్తున్నాడు."

పిల్ల మెట్లు దిగింది. మేడంకి మనసు ఊరుకోలేదనుకుంటాను, మళ్లీ పిలిచింది.

"ఇన్ని నెలలు మోశావు కదా. ఒక్కసారి వచ్చి నన్ను అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది. ఎందుకు అడగలేదు?"



"మీరు ఆ షరతు మర్చిపోతే మంచిదే గద అనుకున్న మేడం. అడిగితే మీకు యాదికొస్తదని."

 

మర్నాడు పొద్దున పెద్దది గ్రౌండ్‌కు వచ్చింది, చెప్పులు గట్టున విడిచి. తొమ్మిది మందిలోంచి ఒకరిని తీయాలి. తీరా చూస్తే తీయాల్సింది చిన్నదాన్ని కాదు, అక్క దగ్గర అప్పటికే అంత నేర్చేసింది. రసాయన సమీకరణాల పిల్లల్లో ఒకతిని పిలిచి, ఇక నువ్వు రానక్కర్లేదమ్మా అన్నాను. ఆ పిల్ల నాకు రెండు చేతులతో దండం పెట్టి హాస్టల్ వైపు ఉరికింది. ఆటలో ఏనాడూ అంత వేగంగా ఉరకలేదు. ఆ ఏడు సంగారెడ్డిలో కప్పు రాలేదు, కానీ ఆఖరి రోజు దాకా ఉన్నాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆట గురించి మాట్లాడుకున్నారు, నేను కూడా చెరుకు ముక్క నమిలాను. షరతు తీసేసినందుకు లెక్కల సారు కొన్నాళ్లు మొహం చాటేసినా, పొద్దున పూట గ్రౌండ్ పక్క నుంచే నడవడం అలవాటు చేసుకున్నాడు.

ఆ తర్వాత నా ఉద్యోగంలో ఎన్నో నిబంధనలు చూశాను. కొన్ని నేనే పెట్టాను. కొత్తది పెట్టిన ప్రతిసారీ ఇది ఎందుకు, అది ఎందుకు అని నా వెంట పడే పిల్లల గురించి నాకు ఫికర్ ఉండేది కాదు. ఏమీ అడగని పిల్ల ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోయేదాన్ని. నవ్వుకోకండి, చాలాసార్లు బట్టలారేసే చోటే దొరికేది.